పత్రికలు యుద్ధం తెస్తాయా? – 1898 నాటి అమెరికా సంచలన పత్రికలపై ఒక విమర్శ

లక్ష్యాలు

ఈ పాఠాన్ని చదివిన తర్వాత మీరు:
– సంచలన పత్రికారచన స్వభావాన్ని 1898 నాటి ఉదాహరణలతో వివరించగలుగుతారు.
– ‘పత్రికలే యుద్ధం తెచ్చాయి’ అనే ప్రసిద్ధ అభిప్రాయంలోని గుణదోషాలను పరిశీలించగలుగుతారు.
– తీవ్రమైన రచనకూ సంచలన రచనకూ ఉన్న తేడాను గుర్తించగలుగుతారు.

1. ఉపోద్ఘాతం

స్పెయిన్–అమెరికా యుద్ధం ఎందుకు వచ్చిందని పరీక్షలో అడిగితే చాలామంది విద్యార్థులు తడుముకోకుండా ఒక పేరు రాస్తారు: విలియం రాండాల్ఫ్ హెర్స్ట్. న్యూయార్క్‌లో పత్రిక నడిపిన ఈ యజమాని అమ్మకాలు పెంచుకోవడానికి అబద్ధాలు అచ్చువేశాడు, జనం రెచ్చిపోయారు, ప్రభుత్వం తలవంచింది, యుద్ధం వచ్చింది. ఈ జవాబు పొందికగా ఉంటుంది, గుర్తుపెట్టుకోవడం తేలిక, మార్కులు కూడా పడతాయి. చిక్కేమిటంటే, ఇది ఒక దేశపు సామ్రాజ్య విస్తరణను ఒక మనిషి దురాశగా కుదించి చూపిస్తుంది. నేరమంతా పత్రికాధిపతి నెత్తిన పెడితే అధ్యక్షుడు, సెనేటు, నౌకాదళం, చక్కెర పెట్టుబడిదారులు చల్లగా తప్పుకుంటారు.

ఈ పాఠం ప్రతిపాదించే అభిప్రాయం ఇది: పత్రికలు ఆ యుద్ధాన్ని పుట్టించలేదు. ప్రజలు దేన్ని చూడాలో, దేన్ని చూడకుండా దాటిపోవాలో నిర్ణయించడంలో మాత్రం అవి పెద్ద పాత్ర వహించాయి. క్యూబా విషయంలో గొంతు చించుకున్న పత్రికలు ఫిలిప్పీన్స్ విషయంలో, అరవవలసిన వేళ, చాలావరకు గొంతు తగ్గించాయి. సంచలన పత్రికలను విమర్శించేటప్పుడు వాటి అరుపుతోపాటు వాటి మౌనాన్ని కూడా లెక్కించాలి.

గుంటూరు ప్రాంతంలో అమెరికా అనే పేరు చాలాకాలంగా పరిచితమే. లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ 1842లో గుంటూరు వచ్చారు. 1883లో వచ్చిన వైద్యురాలు అన్నా కుగ్లర్ కృషి ఫలితంగా 1898లో ఇక్కడ ఆసుపత్రి ప్రారంభమైంది. సరిగ్గా ఆ ఏడాదే అమెరికా నౌకాదళం మనీలా అఖాతంలో స్పెయిన్ ఓడలను ముంచింది. ఈ రెంటినీ ఒకే గాట కట్టడం న్యాయం కాదు. కాని అధ్యక్షుడు మెకిన్లీ 1898 డిసెంబరులో ఫిలిప్పీన్స్‌ను తమ పాలనలోకి తీసుకుంటూ చేసిన ప్రకటన కూడా ఉపకార భాషలోనే సాగిందని మరవకూడదు. సేవ చేయడానికి వచ్చామన్న మాట ఒకచోట మందుసీసాతో వచ్చింది, మరొకచోట తుపాకితో వచ్చింది. మాట ఒకటే అయినప్పుడు దాని వెనుక ఉన్న పనిని విడదీసి చూపడమే విమర్శకుని బాధ్యత.

2. ‘ఎల్లో జర్నలిజం’ – మాట పుట్టుక

మన రాష్ట్రంలో ‘ఎల్లో’ అనే మాటను నేడు రాజకీయ పార్టీ రంగుతో ముడిపెట్టి, ప్రత్యర్థి పత్రికలను తిట్టడానికి వాడుతున్నారు. ఈ మాట అసలు పుట్టుకకు ఆ వాడుకతో సంబంధం లేదు.

జోసెఫ్ పులిట్జర్ 1883లో ‘న్యూయార్క్ వరల్డ్’ పత్రికను కొన్నాడు. హెర్స్ట్ 1895లో ‘న్యూయార్క్ జర్నల్’ను కొని, ఒక సెంటు ధరకే అమ్మసాగాడు. ‘వరల్డ్’లో రిచర్డ్ అవుట్‌కాల్ట్ గీసే హాస్య చిత్రాల్లో పసుపు రంగు చొక్కా తొడుక్కున్న ఒక కుర్రవాడు ఉండేవాడు. పాఠకులు ఆ కుర్రవాణ్ణి ఎంతగా ఇష్టపడ్డారంటే, 1896లో హెర్స్ట్ ఆ చిత్రకారుణ్ణే తన పత్రికకు తీసుకుపోయాడు. పులిట్జర్ మరొక చిత్రకారునితో అదే బొమ్మ గీయించాడు. రెండు పత్రికల్లోనూ పసుపు కుర్రవాడే! ఈ పోటీని ఎగతాళి చేస్తూ 1897లో మరో న్యూయార్క్ పత్రిక ‘ఎల్లో జర్నలిజం’ అనే మాటను ప్రచారంలోకి తెచ్చింది.

మాట పుట్టుకలోనే దాని లక్షణం కనబడుతుంది. అది ఏ సిద్ధాంతానికీ పేరు కాదు, ఒక అమ్మకపు పోటీకి పెట్టిన పేరు. పెద్ద శీర్షికలు, పెద్ద బొమ్మలు, పేరు చెప్పని ఆధారాలు, పత్రిక తానే కథానాయకుడైనట్టు చేసుకునే ఆర్భాటం దాని ముఖ్య లక్షణాలు. 1897 అక్టోబరులో ‘జర్నల్’ విలేఖరి కార్ల్ డెకర్ హవానా జైలునుంచి ఎవాంజెలీనా సిస్నెరోస్ అనే యువతిని తప్పించి తెచ్చాడు. పత్రిక ఆ వార్తను రోజుల తరబడి పండుగలా జరుపుకొంది. అక్కడ వార్త రాసేవాడూ వార్తలోని వీరుడూ ఒక్కరే అయ్యారు.

3. రెండు వార్తల పరిశీలన

గుంటూరు మిర్చి యార్డులో సరుకు తెలిసిన వ్యాపారి టిక్కీ పైపొర రంగు చూసి ధర చెప్పడు. లోపలికి చెయ్యి పెట్టి కాయ తీస్తాడు. తాలు ఎంత ఉంది, తేమ ఎంత ఉంది, పైకాయా లోపలికాయా ఒకటేనా అని చూస్తాడు. వార్తను పరీక్షించే పద్ధతీ ఇదే. శీర్షిక పైపొర మాత్రమే. 1897–98 నాటి రెండు వార్తల్లో చెయ్యి పెట్టి చూద్దాం.

మొదటిది, ‘ఒలివెట్’ వార్త. 1897 ఫిబ్రవరిలో హవానా రేవులో ఒలివెట్ అనే అమెరికా ఓడలో ముగ్గురు క్యూబా స్త్రీలను స్పెయిన్ అధికారులు సోదా చేయించారని విలేఖరి రిచర్డ్ హార్డింగ్ డేవిస్ రాశాడు. ‘జర్నల్’ దానికి చిత్రకారుడు ఫ్రెడరిక్ రెమింగ్టన్ గీసిన బొమ్మను జతచేసింది. ఆ బొమ్మలో ఒక యువతి వివస్త్రగా నిలబడి ఉంటుంది, చుట్టూ పురుష అధికారులు ఆమె దుస్తులు వెతుకుతుంటారు. రెమింగ్టన్ ఆ ఓడలో లేడు, ఆ దృశ్యాన్ని చూడలేదు. ఆ స్త్రీలు న్యూయార్క్ చేరాక పోటీ పత్రిక ‘వరల్డ్’ వారినే అడిగింది. తమను సోదా చేసింది స్త్రీ ఉద్యోగి అని వారు చెప్పారు. డేవిస్ తన మాటల్లో పురుషులు సోదా చేశారని రాయలేదు. బొమ్మ తన వార్తను వక్రీకరించిందని నొచ్చుకుని అతడు ఆపై హెర్స్ట్‌కు రాయడం మానేశాడు.

ఇక్కడ గమనించవలసింది: సోదా జరిగిన మాట నిజం. స్త్రీలకు అవమానం కలిగిన మాట నిజం. అబద్ధమల్లా బొమ్మలోని పురుషులే. సంచలన రచన చాలాసార్లు శూన్యంలోంచి అబద్ధాన్ని సృష్టించదు. ఉన్న నిజానికి లేని రంగు పూస్తుంది. పూసిన రంగు బయటపడ్డాక జనం నిజాన్ని కూడా నమ్మడం మానేస్తారు. నష్టపోయేది పత్రిక కాదు, నిజంగా అవమానపడ్డ మనిషి.

రెండవది, ‘మెయిన్’ నౌక వార్త. 1898 ఫిబ్రవరి 15 రాత్రి హవానా రేవులో లంగరు వేసి ఉన్న అమెరికా యుద్ధనౌక మెయిన్ పేలిపోయి 266 మంది చనిపోయారు. నౌకాధిపతి సిగ్స్‌బీ ఆ రాత్రే పంపిన టెలిగ్రాంలో, పూర్తి నివేదిక వచ్చేవరకు ప్రజలు ఒక నిర్ణయానికి రాకూడదని కోరాడు. మునిగిన నౌక అధిపతి ఆగమంటే, న్యూయార్క్‌లో కూర్చున్న పత్రిక ఆగలేదు. రెండు రోజుల్లోనే ‘జర్నల్’ ఇది శత్రువు పనేనని మొదటి పేజీలో ప్రకటించింది. దోషులను పట్టిచ్చినవారికి 50,000 డాలర్ల బహుమతి పెట్టింది. ఆ రోజుల్లో తన అమ్మకాలు పది లక్షల ప్రతులు దాటాయని కూడా ప్రకటించుకుంది.

మార్చిలో అమెరికా నౌకాదళ విచారణ సంఘం బయటి మందుపాతర వల్ల పేలుడు జరిగిందని చెప్పింది. ఎవరు పెట్టారో మాత్రం చెప్పలేదు. 1976లో అడ్మిరల్ రికోవర్ ఆధ్వర్యంలో జరిగిన పునఃపరిశీలన, నౌకలోని బొగ్గు గదిలో రాజుకున్న మంట పక్కనే ఉన్న మందుగుండుకు అంటుకుని ఉండవచ్చునని నిర్ధారించింది. ఆ తర్వాతి పరిశోధనలు కూడా అందరినీ ఒప్పించే ఒక్క జవాబు ఇవ్వలేదు. పండితులు వందేళ్లు పరిశోధించినా తేలని విషయాన్ని ఒక పత్రిక రెండు రోజుల్లో తేల్చేసింది!

మీ ప్రగతిని సరిచూసుకోండి
1. ఒలివెట్ వార్తలో నిజమేది, కల్పన ఏది?
2. సిగ్స్‌బీ టెలిగ్రాంకూ ‘జర్నల్’ శీర్షికకూ ఉన్న భేదాన్ని రెండు వాక్యాల్లో రాయండి.

4. ఒక టెలిగ్రాం కథ – విమర్శ

సంచలన పత్రికల గురించి పాఠ్యపుస్తకాల్లో తరచుగా కనిపించే కథ ఒకటి ఉంది. రెమింగ్టన్ క్యూబా వెళ్లి, ఇక్కడ అంతా ప్రశాంతంగా ఉంది, యుద్ధం వచ్చేలా లేదు, తిరిగి వస్తానని టెలిగ్రాం ఇచ్చాడట. నువ్వు బొమ్మలు పంపు, యుద్ధం సంగతి నేను చూసుకుంటానని హెర్స్ట్ బదులిచ్చాడట.

ఈ కథకు మూలం జేమ్స్ క్రీల్‌మన్ అనే విలేఖరి 1901లో ప్రచురించిన స్మృతుల గ్రంథం. కథను మూడు వైపులనుంచి పరిశీలించాలి. ఒకటి, ఆ టెలిగ్రాముల ప్రతి ఎక్కడా దొరకలేదు. రెండు, రెమింగ్టన్ క్యూబాలో ఉన్నది 1897 జనవరిలో. క్రీల్‌మన్ అప్పుడు ఐరోపాలో పనిచేస్తున్నాడు, కాబట్టి అతడు ప్రత్యక్ష సాక్షి కాడు. హెర్స్ట్ తర్వాతి కాలంలో ఈ మాట తనది కాదన్నాడు. మూడు, అన్నింటికన్నా ముఖ్యమైనది: 1895 ఫిబ్రవరినుంచీ క్యూబాలో స్వాతంత్ర్య యుద్ధం సాగుతూనే ఉంది. జనరల్ వేలర్ 1896లో అధికారం చేపట్టి పల్లె ప్రజలను కాపలా శిబిరాల్లోకి తోలించాడు. ఆకలితో, వ్యాధులతో లక్షమందికి పైగా చనిపోయారు. అటువంటి చోట యుద్ధం లేదని ఒక చిత్రకారుడు ఎలా రాయగలడు?

1941లో ఆర్సన్ వెల్స్ తీసిన ‘సిటిజన్ కేన్’ చిత్రం ఈ కథను మార్చి వాడుకుని లోకమంతా చాటింది. సినిమాగా అది గొప్ప చిత్రం. పత్రికాధిపతి అహంకారాన్ని అది చూపిన తీరు నేటికీ పాతబడలేదు. కాని చరిత్రగా చూస్తే ఆ సన్నివేశం మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. యుద్ధం ఒక ధనికుని గదిలో, ఒక చమత్కారంలో పుట్టినట్టు చూపుతుంది. అందులో క్యూబా ప్రజలు లేరు, వారి మూడేళ్ల పోరాటమూ లేదు. సంచలన పత్రికలను ఖండించడానికి మనం వాడుతున్న కథే ఒక సంచలన కథ కావడం ఇక్కడి విడ్డూరం. సాక్ష్యం తక్కువ, నాటకీయత ఎక్కువ, దోషి ఒక్కడే. ఈ మూడు లక్షణాలనూ మనం ‘జర్నల్’లో తప్పుపట్టాం. మన పుస్తకంలో ఉన్నప్పుడు ఒప్పుకోవడం ఏ న్యాయం?

5. యుద్ధానికి దారితీసిన శక్తులు

అయితే యుద్ధం ఎందుకు వచ్చింది? కారణాలను ఇలా క్రోడీకరించవచ్చు.

(అ) నౌకాబలం: నౌకాదళ అధికారి మహాన్ 1890లో ప్రచురించిన గ్రంథం సముద్రంపై ఆధిపత్యమే దేశాల గొప్పదనానికి మూలమని వాదించింది. దూర సముద్రాల్లో స్థావరాలు కావాలన్న కోరిక పాలకుల్లో బలపడింది.

(ఆ) పెట్టుబడి, మార్కెట్లు: క్యూబా చక్కెరలో అమెరికన్ల పెట్టుబడులున్నాయి. 1893 ఆర్థిక సంక్షోభం తర్వాత విదేశీ మార్కెట్ల కోసం వెతుకులాట పెరిగింది.

(ఇ) ముందస్తు సన్నాహం: 1898 ఫిబ్రవరి 25న, అంటే యుద్ధ ప్రకటనకు రెండు నెలల ముందే, నౌకాదళ సహాయ కార్యదర్శి థియోడర్ రూజ్‌వెల్ట్ హాంకాంగ్‌లోని కమొడోర్ డ్యూయీకి ఆదేశం పంపాడు. యుద్ధం వస్తే ఫిలిప్పీన్స్‌పై దాడికి సిద్ధంగా ఉండమన్నది దాని సారం. క్యూబా కోసమని చెప్పిన యుద్ధంలో మొదటి పెద్ద పోరు మే 1న మనీలాలో జరగడం యాదృచ్ఛికం కాదు.

(ఈ) నమ్మదగిన సాక్ష్యం: సెనేటర్ ప్రాక్టర్ క్యూబా వెళ్లివచ్చి మార్చి 17న సెనేటులో చేసిన ప్రసంగంలో ఆర్భాటం లేదు. శిబిరాల్లో తాను చూసిన దుస్థితిని నిదానంగా వివరించాడు. అంతవరకు యుద్ధం వద్దన్న వ్యాపార వర్గాల్లో చాలామందిని ఆ ప్రసంగం కదిలించింది. పెద్ద శీర్షికలు చేయలేని పనిని ఒక శాంత స్వరం చేసిందన్నమాట.

పత్రికల పాత్ర ఈ నాలుగింటి తర్వాత వస్తుంది. అవి వాతావరణాన్ని వేడెక్కించాయి, సంధి కోరేవారిని పిరికివారిగా చూపించాయి. పాలకులు ముందే వేసుకున్న దారిలో నడవడానికి జనాన్ని సిద్ధం చేశాయి.

6. అరుపు తర్వాత మౌనం

ఆగస్టు 12న పోరు ఆగింది. డిసెంబరు 10న పారిస్ ఒప్పందం కుదిరింది. ప్యూర్టో రికో, గ్వామ్ అమెరికా వశమయ్యాయి. ఫిలిప్పీన్స్‌కు గాను స్పెయిన్‌కు 2 కోట్ల డాలర్లు చెల్లించారు. ఫిలిప్పీన్స్ నాయకుడు అగినాల్డో జూన్ 12నే స్వాతంత్ర్యం ప్రకటించాడు. అయినా ఒప్పందపు బల్లదగ్గర ఆ దేశీయులకు చోటు దక్కలేదు. పొలం అమ్మకం జరుగుతుంటే సాగుచేసుకునే రైతును గుమ్మం బయట నిలబెట్టినట్టే.

1899 ఫిబ్రవరి 4న కొత్త యుద్ధం మొదలైంది. 1902 జూలైలో అధికారికంగా ముగిసేనాటికి 4,200 మందికి పైగా అమెరికన్లు, 20,000 మందికి పైగా ఫిలిప్పీన్స్ యోధులు చనిపోయారు. హింస, కరవు, వ్యాధుల వల్ల మరణించిన సామాన్య ప్రజల సంఖ్య రెండు లక్షలదాకా ఉండవచ్చునని అంచనా. మెయిన్ నౌకలో చనిపోయిన 266 మందిని ఈ సంఖ్య పక్కన పెట్టి చూడండి. ఏ మరణాలకు ఎంత పెద్ద అక్షరాలు వాడారో, వేటికి వాడలేదో అర్థమవుతుంది.

ఈ మౌనానికి సైనిక సెన్సారు ఒక కారణం. జనరల్ ఓటిస్ వార్తలను అడ్డుకుంటున్నాడని మనీలాలోని అమెరికా విలేఖరులే 1899 జూలైలో ఉమ్మడిగా నిరసన పత్రం రాసి, హాంకాంగ్ మీదుగా పంపవలసివచ్చింది. రెండవ కారణం మార్కెట్. స్పెయిన్ క్రూరుడు, క్యూబా అబల, అమెరికా వీరుడు అన్న కథ అమ్ముడుపోతుంది. మన సైన్యమే క్రూరమైన కథ అంత సులభంగా అమ్ముడుపోదు. 1901 చివర బటాంగాస్‌లో జనరల్ బెల్ ప్రజలను శిబిరాల్లోకి తోలించాడు. క్యూబాలో వేలర్ చేసినప్పుడు రాక్షసత్వం అనిపించుకున్న పద్ధతే అది.

అందరూ మౌనంగా ఉన్నారనడం సరికాదు. 1898లోనే సామ్రాజ్యవాద వ్యతిరేక సంఘం ఏర్పడింది. ప్రసిద్ధ రచయిత మార్క్ ట్వేన్ 1901లో ఈ యుద్ధాన్ని ఎండగడుతూ వ్యాసం రాశాడు. సమార్ దీవిలో పదేళ్లు దాటినవారిని చంపమన్న జనరల్ స్మిత్ ఆదేశం బయటపడ్డప్పుడు, 1902 మేలో హెర్స్ట్ సాయంకాల పత్రిక కూడా దాన్ని తప్పుపడుతూ కార్టూన్ వేసింది. అప్పటికి యుద్ధం ముగింపుకు వచ్చింది. సమయం దాటాక పలికిన సత్యం చరిత్రకు పనికివస్తుంది, చనిపోయినవారికి పనికిరాదు.

మీ ప్రగతిని సరిచూసుకోండి
3. ఫిలిప్పీన్స్ యుద్ధవార్తలు అమెరికా ప్రజలకు పూర్తిగా అందకపోవడానికి రెండు కారణాలు తెల్పండి.

7. తెలుగునాట ఒక పోలిక – 1908 ‘స్వరాజ్య’

తీవ్రమైన భాషంతా సంచలన రచనేనా? ఈ ప్రశ్నకు మన ప్రాంతంలోనే మంచి ఉదాహరణ ఉంది. అమెరికా పత్రికలు సామ్రాజ్యం వైపు నిలబడి అరిచాయి. అదే దశాబ్దంలో తెలుగు పత్రికలు సామ్రాజ్యం కింద నిలబడి మాట్లాడాయి. 1902లో బందరులో పుట్టిన ‘కృష్ణా పత్రిక’ స్థాపకుల్లో గుంటూరువాసి కొండా వెంకటప్పయ్య పంతులు ఒకరు. ముట్నూరి కృష్ణారావు సంపాదకత్వంలో ఆ పత్రిక ఆలోచనాప్రధానంగా సాగింది. బెజవాడనుంచి వెలువడిన ‘స్వరాజ్య’ వారపత్రికది మరో దారి. 1908లో తిరునల్వేలిలో జరిగిన పోలీసు కాల్పులను ఖండిస్తూ సంపాదకుడు గాడిచర్ల హరిసర్వోత్తమరావు నిప్పులు చెరిగే వ్యాసం ప్రచురించారు. ప్రభుత్వం రాజద్రోహ నేరం మోపింది. ఆయనకు మూడేళ్ల కఠిన కారాగార శిక్ష పడింది. ఆంధ్రలో తొలి రాజకీయ ఖైదీగా ఆయనను చెప్పుకుంటారు.

భాష వేడిని మాత్రమే కొలిస్తే ‘జర్నల్’ శీర్షిక, ‘స్వరాజ్య’ వ్యాసం ఒకే కోవకు చెందుతాయి. అందుకే వేడిని కొలబద్దగా తీసుకోకూడదు. ఈ మూడు ప్రశ్నలు వేయాలి.

మొదటి ప్రశ్న: రచనకు ఆధారమైన సంఘటన తేలిందా, లేదా? తిరునల్వేలి కాల్పులు జరిగాయి, వాటిపై వివాదం లేదు. మెయిన్‌ను శత్రువు పేల్చాడన్నది ఊహ.

రెండవ ప్రశ్న: ఆ మాటకు మూల్యం ఎవరు చెల్లించారు? హరిసర్వోత్తమరావు తన మాటకు తానే జైలుకు వెళ్లారు. హెర్స్ట్ మాటకు మూల్యం చెల్లించినవారు సైనికులు, దూరదేశపు రైతులు. అతనికి దక్కినవి అమ్మకాలు.

మూడవ ప్రశ్న: రచన బలవంతుణ్ణి ప్రశ్నిస్తోందా, బలవంతుని చేతికి ఆయుధం అందిస్తోందా?

ఈ మూడింటిలో రెండవది అన్నిసార్లూ తిరుగులేని పరీక్ష కాదు. జైలుకు వెళ్లినంత మాత్రాన ప్రతి మాటా సత్యమైపోదు. కాని మూడింటినీ కలిపి చూస్తే ఆవేశానికీ సంచలనానికీ మధ్య గీత స్పష్టమవుతుంది. మరొక తేడా కూడా గమనించండి. అమెరికాలో పత్రికల నోటిని చాలావరకు మార్కెట్, యుద్ధరంగంలో సైన్యం మూశాయి. మన దేశంలో చట్టమే మూసింది. 1878 నాటి దేశభాషా పత్రికల చట్టం, పత్రికలనుంచి ధరావతు కట్టించుకునే 1910 పత్రికా చట్టం అందుకు సాక్ష్యాలు.

8. నేటి సందర్భం

1898 ఇప్పటికీ పాతబడలేదు. 1990 ఆగస్టులో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించింది. ఆ అక్టోబరు 10న నయీరా అనే బాలిక అమెరికా చట్టసభ సభ్యుల ముందు కన్నీటితో సాక్ష్యం చెప్పింది. ఇరాక్ సైనికులు ఆసుపత్రిలో పసిపిల్లలను ఇంక్యుబేటర్లలోంచి తీసి పడేశారని ఆ సాక్ష్యం. టీవీలు దాన్ని పదేపదే చూపించాయి, నాయకులు పదేపదే ఉదహరించారు. యుద్ధం ముగిశాక, 1992లో, ఆ బాలిక అమెరికాలోని కువైట్ రాయబారి కుమార్తె అనీ, ఒక ప్రచార సంస్థ ఆ సాక్ష్యాన్ని ఏర్పాటు చేసిందనీ బయటపడింది. ఆ ఘోరం జరిగిందనడానికి పరిశోధకులకు ఆధారం దొరకలేదు. అయితే ఇరాక్ ఆక్రమణ మాత్రం నిజం. ఒలివెట్ బొమ్మలో చూసినదే ఇక్కడా: ఉన్న నిజానికి లేని రంగు.

ఆ యుద్ధం మన ఇళ్లలోకీ వచ్చింది. ఆనాడు కువైట్, ఇరాక్‌లనుంచి సుమారు లక్షా డెబ్బై వేలమంది భారతీయులను విమానాల్లో వెనక్కు తేవలసివచ్చింది. కడప, గోదావరి జిల్లాలనుంచి పొట్టకూటికి వెళ్లిన తెలుగువారు వారిలో ఉన్నారు. 2003లో ఇరాక్ వద్ద భయంకర మారణాయుధాలున్నాయని పత్రికలు రాశాయి, ఆయుధాలు దొరకలేదు. తమ వార్తల్లో కొన్నింటిని కావలసినంత నిశితంగా పరీక్షించలేదని ‘న్యూయార్క్ టైమ్స్’ 2004 మేలో రాసుకుంది. యుద్ధం అప్పటికి ఏడాది దాటింది.

మన పత్రికలకూ టీవీలకూ విదేశీ యుద్ధవార్తలు ఎక్కువగా అంతర్జాతీయ వార్తాసంస్థల ద్వారానే వస్తాయి. అంటే అక్కడ పూసిన రంగు ఇక్కడ తెలుగు అక్షరాల్లో మన ఇంటికి చేరుతుంది. మన సరిహద్దుల్లో ఉద్రిక్తత వచ్చినప్పుడు స్టూడియోలో కూర్చుని యుద్ధం చేసే వ్యాఖ్యాతలనూ మనం చూస్తూనే ఉన్నాం. అటువంటి రోజు సిగ్స్‌బీ టెలిగ్రాంను గుర్తుచేసుకోండి. పేలిన ఓడలో ఉన్న మనిషి నిదానించమన్నాడు. పేలుడు శబ్దం కూడా వినబడనంత దూరంలో ఉన్నవాడు తీర్పు చెప్పాడు. రెంటిలో ఏ గొంతును నమ్మాలన్నది పాఠకుని చేతిలో ఉంది.

9. సారాంశం

1898 యుద్ధానికి నౌకాబల వ్యూహం, మార్కెట్ల అవసరం, పాలకుల ముందస్తు సన్నాహం మూలకారణాలు. సంచలన పత్రికలు వాటికి ప్రజామోదాన్ని కూడగట్టాయి. హెర్స్ట్ టెలిగ్రాం కథకు గట్టి సాక్ష్యం లేదు. దాన్ని నమ్మడం వల్ల సామ్రాజ్యవాదపు అసలు శక్తులు మరుగున పడతాయి. క్యూబాపై అరుపు, ఫిలిప్పీన్స్‌పై మౌనం రెండూ సామ్రాజ్యానికి ఉపకరించాయి. తీవ్రమైన భాష దానంతటదే దోషం కాదని గాడిచర్ల ఉదాహరణ చెబుతుంది. ఆధారం, మూల్యం, అధికారంతో సంబంధం అనే మూడు ప్రమాణాలతో యుద్ధవార్తను పరీక్షించాలి.

10. మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. కింది వాటికి ఒక్కొక్కదానికి 30 పంక్తుల్లో జవాబులు రాయండి.
1. ‘1898 యుద్ధాన్ని పత్రికలే తెచ్చాయి’ – ఈ అభిప్రాయాన్ని విమర్శనాత్మకంగా పరిశీలించండి.
2. తీవ్ర రచనకూ సంచలన రచనకూ గల భేదాన్ని ‘జర్నల్’, ‘స్వరాజ్య’ పత్రికల ఆధారంగా చర్చించండి.

II. కింది వాటికి ఒక్కొక్కదానికి 10 పంక్తుల్లో జవాబులు రాయండి.
1. ‘ఎల్లో జర్నలిజం’ అనే మాట పుట్టుక.
2. నయీరా సాక్ష్యం.

III. అభ్యాసం
ఏదైనా ఒక యుద్ధం గురించి రెండు తెలుగు దినపత్రికల్లో ఒకే రోజు వచ్చిన వార్తలను సేకరించండి. వాటిలో తేలిన విషయాలు, ఊహలు, పేరు చెప్పని ఆధారాలు వేరుచేసి పట్టికగా రాయండి. రెండు వార్తల్లోనూ ఎవరి గొంతు వినిపించలేదో చివర ఒక వాక్యంలో చెప్పండి.